షేడ్ గైడ్ గారికి, నోరు తెరిచి రాయునది

పంటి రంగు పోల్చి చూసే నమూనా పళ్ల వరుసతో డెంటల్ క్లినిక్ సొరుగులో వేంచేసి ఉన్న షేడ్ గైడ్ గారికి,

ఉభయకుశలోపరి. నన్ను గుర్తుపట్టారో లేదో. మా అమ్మాయి పెళ్లికి సరిగ్గా 20 రోజుల ముందు నేను కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉంటే, డాక్టరమ్మ మిమ్మల్ని తీసి నా పెదవి పక్కన ఆనించింది. పట్టుచీర మీద జాకెట్ గుడ్డ పెట్టి చూస్తారే, అట్లా. మీ దగ్గరున్న 16 పళ్లలో ఒక్కొక్కటీ నా పన్ను పక్కకొచ్చి, మొహం చిట్లించి వెళ్లిపోయింది. చివరికి డాక్టరమ్మ "ఏ3.5" అంది. పదో తరగతి లెక్కల్లో కూడా నాకు అర మార్కు దగ్గర ఇంత పరువు పోలేదు.

మీ ర్యాంకుల సంగతి తర్వాత విచారించాను. ఏ అంటే ఎరుపు కలిసిన గోధుమ రంగు, బీ అంటే ఎరుపు కలిసిన పసుపు, సీ అంటే బూడిద, డీ అంటే ఎరుపు కలిసిన బూడిద. పక్కనున్న అంకె పెరిగేకొద్దీ రంగు ముదురు. తెలుపులో ఫస్టు ర్యాంకు మాత్రం ఏ1కి కాదు, బీ1కి. ఏ2 కంటే డీ2 ముందుంటుంది. అట్టడుగున సీ4. ఎంసెట్ కౌన్సెలింగే నయమండీ, అక్కడ కనీసం ఒకటి తర్వాత రెండు వస్తుంది.

అసలు మీ దాకా వచ్చేవాణ్ణి కాదు. రోజుకు ఐదు ఇరానీ చాయ్‌లు తాగే మనిషిని, పళ్లకు గార పట్టిందని నాకూ తెలుసు. కానీ మా బావమరిది ఫోన్లో ఒక వీడియో పంపాడు. నిమ్మచెక్క, ఉప్పు, వంటసోడా. నాలుగు రోజులు పొద్దున్నే రుద్దాను. ఐదో రోజు చల్లటి మజ్జిగ నోట్లో పోసుకుంటే జివ్వుమని నడినెత్తికెక్కింది. నిమ్మరసంలోని ఆమ్లం పంటి పైపొరను, అంటే ఎనామిల్‌ను కరిగిస్తుందట. ఒంట్లో దానికన్నా గట్టి పదార్థం లేదు, కానీ ఒకసారి పోయిందంటే మళ్లీ పుట్టదు. దాని కింద ఉండే డెంటిన్‌ది పుట్టుకతోనే పసుపు రంగు. గోడ తెల్లబడాలని సున్నం గీకితే లోపలి మట్టి బయటపడ్డట్టన్న మాట.

తర్వాత అదే బావమరిది నల్లటి బొగ్గు పేస్టు తెచ్చిచ్చాడు. మా నాయనమ్మ పిడక కచ్చికతో తోముకునేది, ఆ రోజుల్లో అంతా ఆరోగ్యమే అని మురిసిపోతూ వాడాను. మధ్యలో గుర్తొచ్చింది, చివరి రోజుల్లో నాయనమ్మ పళ్లు అరిగిపోయి చింతగింజల్లా ఉండేవి. ఆ ట్యూబు ఇప్పుడు బాత్రూం కిటికీలో బల్లికి తోడుంది.

ఇంకో రకం పేస్టు ఉంది. అందులో నీలం రంగు కలుపుతారు. అది పంటి మీద పల్చగా అంటుకుని పసుపును కప్పెట్టి తెల్లగా ఉన్నట్టు భ్రమ పుట్టిస్తుంది. మా అమ్మ నాన్న పంచెలకు నీలిమందు పెట్టే విద్యే. నిజం చెప్పనా, ఇంట్లో చేసిన వాటన్నిటిలో నాకిదే నచ్చింది. మోసమే, కానీ పన్ను జోలికి పోని మోసం.

ఇక మీ క్లినిక్‌లో పళ్లు తెల్లబరిచే సంగతి. కుర్చీలో చేసేది ఒకటి, ఇంటికిచ్చి పంపేది ఒకటి. రెండింటిలోనూ పనిచేసే సరుకు హైడ్రోజన్ పెరాక్సైడే. చిన్నప్పుడు మోకాలు గీసుకుపోతే కాంపౌండర్ పోసిన నురగ మందు. అది 3 శాతం, మీ కుర్చీలో పూసేది 25 నుంచి 40 శాతం. అందుకే ముందు చిగుళ్లకు గట్టిపడే పూత వేసి, పావుగంటో ఇరవై నిమిషాలో చొప్పున రెండు మూడు సార్లు జెల్ పూస్తారు. బిల్లు 12 వేలు అన్నారు. నీలం లైటు కూడా వేస్తారట. దానివల్ల అదనంగా ఒరిగేది పెద్దగా లేదని డాక్టరమ్మే ఒప్పుకుంది, కానీ లైటు లేకపోతే పేషెంట్లకు తృప్తి ఉండదట! ఇంకో రహస్యం కూడా చెప్పింది. కుర్చీ దిగగానే అద్దంలో కనిపించే తెలుపు అంతా అసలు తెలుపు కాదు, పన్ను తడారిపోవడం వల్ల వచ్చింది కొంత. నాలుగు రోజుల్లో తడి తిరిగొచ్చి ఓ మెట్టు దిగుతుంది. పైగా రెండు రోజులు చాయ్ వద్దు, పసుపు వద్దు, ఆవకాయ వద్దు. పెళ్లింట్లో ఉండే మనిషికి చెప్పే మాటేనా అది?

ఇంటికిచ్చేది నిదానం. పళ్ల అచ్చు తీసి పల్చటి ట్రే చేస్తారు. అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ వేసుకుని రాత్రిళ్లు పెట్టుకుని పడుకోవాలి. దాన్నుంచి పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ మూడున్నర శాతమే కాబట్టి రెండు వారాలు పడుతుంది. చివరికి తేలే రంగు మాత్రం దాదాపు ఒకటే. 1960ల చివర్లో అమెరికాలోని ఆర్కన్సాలో ఒక డాక్టరు చిగుళ్ల కోసం ఈ మందిస్తే పళ్లు తెల్లబడ్డాయి. 1989లో హేవుడ్, హేమన్ అనే డాక్టర్లు దాన్నొక పద్ధతిగా ప్రచురించారు. తొందర లేనివాడికి ఇదే మేలని నా అభిప్రాయం. నాకేమో 20 రోజులే టైముంది.

ఇక్కడే మీ కుటుంబ విషయం బయటపడింది. 11 ఏళ్ల కిందట స్కూటర్ జారి నా ముందు పన్ను విరిగితే క్యాప్ వేయించుకున్నాను. ఆ క్యాప్ రంగు ఎంచింది మీరే. ఏ3. మీ బిడ్డే నా నోట్లో కాపురం ఉన్నాడు, ఇన్నాళ్లూ నేను మరిచిపోయాను. బ్లీచింగ్ సహజమైన పంటి మీదే పనిచేస్తుందట, క్యాప్ రంగు మారదట. చుట్టూ అందరూ తెల్లబడితే వాడొక్కడు పెళ్లి ఫోటోలో పాత చొక్కా వేసుకొచ్చిన చుట్టంలా నిలబడతాడు. ముందు తెల్లబరచి, రంగు కుదురుకునే దాకా ఓ రెండు వారాలు ఆగి, అప్పుడు కొత్త క్యాప్ చేయించాలి. లెక్క వేస్తే మా అమ్మాయి అప్పగింతలు కూడా అయిపోతాయి.

మీతో ఒక గొడవ ఉంది. మా ఆఫీసులో మర్రిగూడ వైపు నుంచి వచ్చిన నల్గొండ మిత్రుడున్నాడు. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పన్ను తయారయ్యేటప్పుడే లోపలికి చేరి గోధుమ రంగు చారలైంది. ఎంత తోమినా పోదు. ఫోటో తీస్తున్నామంటే చేయి అడ్డం పెట్టుకుంటాడు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఫ్లోరోసిస్ గురించి 1937లోనే నెల్లూరు జిల్లా నుంచి డాక్టర్లు రాశారు. మీ 16 పళ్లలో ఆ చారల పన్ను ఒక్కటీ లేదేం? మిమ్మల్ని తయారు చేసినవాళ్లకు బోరు నీళ్ల సంగతి తెలియదు గాబోలు.

చివరికి నేను చేయించుకున్నది మామూలు క్లీనింగ్. గార పోయాక డాక్టరమ్మ మళ్లీ మిమ్మల్ని ఆనించి "ఏ3" అంది. 11 ఏళ్లకు నా పళ్లూ మీ క్యాపూ ఒక రంగుకొచ్చాయి. మిగిలింది ఫోటోగ్రాఫర్ చూసుకున్నాడు. ఆల్బంలో అందరమూ బీ1 దాటిపోయాం, ఆఖరికి పురోహితుడు కూడా.

ఒక్క మాట మిగిలింది. మొదటిరోజు నా తర్వాత అదే కుర్చీలో మా అమ్మ కూర్చుంది, కట్టుడు పళ్ల కోసం. వయసు 78. డాక్టరమ్మ మీలోంచి బీ1 చూపించి "ఇది బాగుంటుందమ్మా, ముత్యాల్లా ఉంటాయి" అంది. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"అంత తెల్లగా ఉంటే కట్టుడు పళ్లని పెళ్లికొచ్చినోళ్లు పసిగట్టేయరూ? మావాడి పళ్లు చూడు తల్లీ, అట్లాంటివి ఇవ్వు. వాటిని చూసి ఎవ్వరూ అనుమానపడరు."

ఇట్లు,
తమ ఏ3