అడ్మిన్‌కు అడ్మినే అందం

పండక్కి వచ్చిన ఆడపిల్ల పుట్టింటి నుంచి సున్నుండలో, ఆవకాయో, మహా అయితే వాళ్ళమ్మ పట్టుచీరో పట్టుకెళ్తుంది. మా అమ్మాయి ఈ సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చి, కనుమ నాడు గారెలు తిని, రాత్రి బస్సెక్కే ముందు మా ఇంటి వైఫై పాస్‌వర్డు మార్చి పోయింది.

మర్నాడు ఆరున్నరకే వాచ్‌మన్ కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. "సార్, నెట్టు రావట్లేదు" అన్నాడు. వాడికి నెట్టు రాకపోతే నాకెందుకు చెప్పాలని మీరు అడగొచ్చు. వాడి నెట్టు నాదే. వాడి వెనక మూడో అంతస్తు పిన్నిగారు, సీరియల్ సగంలో ఆగిపోయిందని. ఆవిడ వెనక ఇస్త్రీ బండి అతను. అతని వెనక, ఎదురు ఫ్లాటులో అద్దెకుంటున్న కుర్రాళ్ళిద్దరు. వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు. "పాస్‌వర్డ్ మార్చారా అంకుల్?" అని అడిగిన తీరులో విచారం కన్నా నేరారోపణే ఎక్కువుంది. పదకొండేళ్ళుగా ఈ అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. మోటారు కాలిపోయి రెండు రోజులు నీళ్ళు లేనప్పుడు కూడా నా గుమ్మం ముందు ఇంత జనం పోగవలేదు.

కాబట్టి రౌటర్ భద్రత అనే పేరుతో సంసారుల ఇళ్ళలోకి చొరబడుతున్న ఈ అనాచారాన్ని సకారణంగా ఖండించడం నా విధి.

అసలు మా ఇంట్లో ఆ రౌటర్ పెట్టె, అంటే తీగలో వచ్చే నెట్టును గాల్లో పంచే పెట్టె, వెలసిన రోజు సంగతి చెప్తాను. నెట్టు కంపెనీ కుర్రాడు డ్రిల్లింగ్ మిషనుతో వచ్చాడు, గోడకు కన్నం పెట్టాడు, తెల్ల తీగ లాగాడు, పెట్టె బిగించాడు. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్?" అన్నాడు. నేను ఆలోచించేలోపు "ఫోన్ నంబర్ పెట్టేద్దాం సార్, మర్చిపోరు" అని తనే దారి చూపాడు. ఎంత వివేకం! ఆ నంబరు మా తలుపు మీద నేమ్‌ప్లేటుకుంది. స్కూటరు వెనకుంది. మా పెద్దాడి పెళ్ళికి తొమ్మిది వందల శుభలేఖలు పంచితే ప్రతి దాని అడుగునా ఉంది. అంటే తొమ్మిది వందల కుటుంబాలను మేము బంధుమిత్ర సపరివార సమేతంగా వైఫైకి కూడా ఆహ్వానించినట్టే.

దీనికి అమ్మాయి ఒక విదేశీ ఉదాహరణ పట్టుకొచ్చింది. 2021లో ఇజ్రాయెల్‌లో ఒక భద్రతా పరిశోధకుడు టెల్ అవీవ్ వీధుల్లో తిరుగుతూ ఐదు వేల వైఫైల సంకేతాలు పోగుచేసుకుని ఇంటికెళ్ళి విప్పితే, డెబ్భై శాతం దాకా పాస్‌వర్డులు విడిపోయాయట. చాలామంది తమ సెల్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టుకోవడం అందుకొక పెద్ద కారణమట. నాకైతే ఆ వార్త విని ఆనందబాష్పాలు వచ్చాయి. విజయవాడ పటమటలో నేనొక్కణ్ణే అనుకున్నాను, మధ్యధరా తీరంలో కూడా నాలాంటి వాళ్ళున్నారు! మన సెల్ నంబరు ఆరుతోనో, ఏడుతోనో, ఎనిమిదితోనో, తొమ్మిదితోనో మొదలవ్వాలి కాబట్టి మొత్తం నాలుగు వందల కోట్ల అవకాశాలే ఉంటాయని, కంప్యూటర్లో లెక్కలు జోరుగా వేసే మంచి గ్రాఫిక్స్ కార్డుకు అది గంటల్లో తేలిపోయే పని అని అమ్మాయి లెక్క చెప్పింది. నేనూ ఒక లెక్క చెప్పాను. శుభలేఖ ఉన్నవాడికి అర నిమిషం చాలు. కార్డు కొనే ఖర్చు దేనికి?

ఇంతటితో ఆగినా బాగుండేది. ల్యాప్‌టాప్ తెరిచి నూటతొంభైరెండు చుక్క, నూటఅరవైఎనిమిది చుక్క, ఒకటి చుక్క, ఒకటి అని ఏదో లలితా సహస్రం చదివినట్టు చదువుతూ కొట్టింది. రౌటర్ అమరికలు మార్చే గదికి అదే చిరునామా అట. పేరు అడిగింది. అడ్మిన్ అని రాసింది. పాస్‌వర్డు అడిగింది. మళ్ళీ అడ్మిన్ అనే రాసింది. తలుపు తెరుచుకుంది. అమ్మాయి తల పట్టుకుంది.

"నాన్నా, వైఫై పాస్‌వర్డు వీధి గేటు లాంటిది. ఇది బీరువా తాళం. దీన్ని ఎవడైనా తెరిస్తే డీఎన్ఎస్ మార్చేస్తాడు. నువ్వు బ్యాంకు పేరు కొడితే ఇంకెక్కడికో తీసుకెళ్తాడు" అంది. డీఎన్ఎస్ అంటే, కొత్త ఊళ్ళో దిగి ఫలానా వారి ఇల్లెక్కడ అని కిళ్ళీకొట్టు వాణ్ణి అడుగుతాం చూడండి, ఆ కిళ్ళీకొట్టు వాడట. వాణ్ణి ఎవడో మార్చేస్తే తప్పుదారి చెప్తాడట. ముప్పై ఏళ్ళు రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి. తప్పుదారి చెప్పేవాళ్ళతో నాకు అలవాటే అన్నాను.

కానీ అడ్మిన్, అడ్మిన్ అనే జంట పదాలను నేను తేలిగ్గా వదులుకోలేను. పేరూ అదే, పాస్‌వర్డూ అదే. లోపల ఒకటి, బయట ఒకటి లేని నిష్కపటత్వం. కంపెనీలే పెట్టి పంపే ఇలాంటి జంటలు సుమారు అరవై చేతబట్టుకుని, కనపడిన తలుపల్లా తట్టే మిరాయ్ అనే ప్రోగ్రాము 2016లో ప్రపంచమంతా తిరిగింది. పాస్‌వర్డు మార్చని కెమెరాలు, వాటి దృశ్యాలు దాచే డీవీఆర్‌లు, రౌటర్లు లక్షల్లో దానికి దాసోహమన్నాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పెట్టెలన్నీ డిన్ అనే ఒక డీఎన్ఎస్ కంపెనీ మీద మూకుమ్మడిగా పడితే, అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. దీన్ని మొదట తయారు చేసింది ఏ శత్రుదేశమో కాదు, మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ల వ్యాపారంలో పోటీ పడుతున్న ముగ్గురు అమెరికా కుర్రాళ్ళు. అమ్మాయి దీన్ని ప్రమాదం అంటుంది. నేను అవకాశం అంటాను. జీవితంలో గన్నవరం విమానాశ్రయం దాటి ఎరగని నాలాంటి వాడి ఇంట్లో, ఫ్రిజ్ పక్కన దుమ్ము పట్టి కూర్చున్న పెట్టె అంతర్జాతీయ వ్యవహారాల్లో పాల్గొనగలగడం చిన్న విషయమా?

ఈ సంప్రదాయం మీద ప్రభుత్వాలు కత్తి కట్టాయని కూడా తెలిసింది. కాలిఫోర్నియాలో 2020 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి అన్ని పెట్టెలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి అమ్మకూడదని చట్టం. పెట్టెకో పాస్‌వర్డు ఉండాలట. మన దగ్గరా కొన్ని కొత్త పెట్టెల అడుగున స్టిక్కరు మీద వేర్వేరుగా అచ్చేసి పంపుతున్నారు. అదృష్టవశాత్తూ స్టిక్కరు ఎవరూ చదవరు.

2018 సంగతి మాత్రం నాకు బాగా నచ్చింది. యాభై నాలుగు దేశాల్లో ఐదు లక్షలకు పైగా రౌటర్లకు వీపీఎన్‌ఫిల్టర్ అనే తెగులు పట్టుకుందని, అందరూ తమ రౌటర్లను ఒకసారి ఆపి ఆన్ చేయాలని సాక్షాత్తూ ఎఫ్‌బీఐ ప్రకటించింది. ఆపి ఆన్ చేయడం! ఈ వైద్యం మాకు కరెంటు వాళ్ళు రోజూ ఉచితంగా చేస్తున్నారు, వేసవిలో మూడు పూటలా. దానివల్ల కొమ్మలు రాలతాయి గానీ వేరు అలాగే ఉంటుంది, పెట్టెను లోపల్నుంచి నడిపే ప్రోగ్రాము, అదే ఫర్మ్‌వేర్ కొత్తది వేసుకోవాలి అని అమ్మాయి అడ్డం తగిలింది. వేసుకుందామని చూస్తే మా పెట్టెకు చివరి ఫర్మ్‌వేర్ వచ్చి ఐదేళ్ళయిందట. దానితో నాకు ఆ పెట్టె మీద గౌరవం మరింత పెరిగింది. రిటైరయ్యాక కూడా పనిచేస్తోంది.

ఇక స్థాపన. దీని మీద ఇంజనీర్లు రాసినవన్నీ చదివాను. ఇంటి మధ్యలో పెట్టాలి, ఎత్తుగా పెట్టాలి, ఇనప బీరువాకూ అద్దానికీ చేపల తొట్టికీ దూరంగా పెట్టాలి అంటారు. ఒక్కడు కూడా దిక్కు చెప్పలేదు. ఇంటి మధ్య అంటే బ్రహ్మస్థానం, అక్కడ బరువు పెట్టకూడదని వాళ్ళకు ఎవరు చెప్పాలి? మా వాస్తు సిద్ధాంతిగారిని పిలిపించాను. పెట్టెను ఎగాదిగా చూసి, కరెంటుతో నడుస్తోంది, వేడెక్కుతోంది, దీపాలు వెలుగుతున్నాయి, కనుక ఇది అగ్ని తత్వం, ఆగ్నేయంలో ఉండాలి అని తేల్చారు. ఆగ్నేయం అంటే మా వంటిల్లు. వంటింట్లో ఖాళీ ఉన్నది మైక్రోవేవ్ పక్కన.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక విచిత్రం జరుగుతోంది. డల్లస్‌లో ఉన్న పెద్దాడు వీడియోకాల్‌లో ముఖ్యమైన మాట చెప్పబోయే సమయానికి నోరు తెరిచి శిల్పంలా నిలిచిపోతాడు. సరిగ్గా రెండు నిమిషాలకు మళ్ళీ ప్రాణం వస్తుంది. గ్రహబలం అనుకున్నాం. సాంబారుబలమట. మైక్రోవేవ్ నడిచేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర, రౌటర్ మాట్లాడేది 2.4 దగ్గర. ఇద్దరిదీ దాదాపు ఒకే శ్రుతి. ఒకటి ఎనిమిది వందల వాట్ల గుండమైతే రెండోది వాటులో పదో వంతు గొంతు. తలుపు సందుల్లోంచి కాస్త తరంగం తప్పించుకున్నా చాలు, పెళ్ళి బ్యాండు పక్కన నిలబడి రహస్యం చెప్పినట్టవుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే ఈ బాధ లేదు, కానీ అది మా గోడలు దాటి పడగ్గదికి చేరేసరికి సొమ్మసిల్లుతుంది. అమ్మాయి పెట్టెను హాల్లోకి మార్చింది. తను ఎక్కిన బస్సు బెంజి సర్కిల్ దాటిందో లేదో, నేను దాన్ని మళ్ళీ ఆగ్నేయానికి చేర్చాను. కాల్ ఆగితే మళ్ళీ చేసుకోవచ్చు. దోషం తగిలితే?

నామకరణంలోనూ మాకు అన్యాయమే జరిగింది. తెలుగు మీద అభిమానంతో వైఫైకి వెంకటేశ్వర నిలయం అని తెలుగులోనే పేరు పెట్టమన్నాను. కుదరలేదు. పేరుకు 32 బైట్లే, అంటే కంప్యూటరు అక్షరాలు దాచుకునే గడులు అన్నే ఇచ్చారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన దాంట్లో ప్రతి అక్షరానికీ, గుణింతానికీ, సున్నాకీ, ఆ కింద వత్తు కోసం పెట్టే పొల్లుకీ విడివిడిగా మూడేసి కావాలి. వెంకటేశ్వర అనేసరికి ముప్పై అయిపోయాయి. మిగిలిన రెండింట్లో "ని" కాదు గదా, ఉత్త "న" కూడా పట్టలేదు. స్వామి లోపలికి వెళ్ళాడు గానీ నిలయం బయటే ఉండిపోయింది. ఈ విషయమై ఏ భాషాసంఘమూ ధర్నా చేయకపోవడం శోచనీయం.

వైఫైకి వేసే తాళాల రకాల గురించి అమ్మాయి చెప్పినవి ఎక్కువ రాయను. వెప్ అనేదానికి 2001లోనే మారుతాళంచెవి తయారైందట, డబ్ల్యూపీఏ2 వచ్చింది 2004లో, డబ్ల్యూపీఏ3 2018లో. పెట్టె మీద డబ్ల్యూపీఎస్ అని, నొక్కితే పాస్‌వర్డు కొట్టకుండానే కలిపేసే ఒక బొత్తం మాత్రం నాకు ముచ్చటేసింది. పాస్‌వర్డు గుర్తులేని వాళ్ళ సౌకర్యం కోసం ఎనిమిదంకెల పిన్ కూడా పెట్టారు. అందులో ఎనిమిదో అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కగట్టి రాబట్టేదే. పైగా మొదటి నాలుగూ సరిపోతే "ఆఁ, సగం చెప్పావు, మిగతాది చెప్పు" అంటుంది పెట్టె. పొడుపుకథ చెప్పే అమ్మమ్మ కూడా అంత జాలి చూపదు. దాంతో కోట్ల సంఖ్యలో ఉండాల్సిన ప్రయత్నాలు పదకొండు వేలకు దిగొచ్చాయని 2011లోనే బయటపెట్టారు. అమ్మాయి ఆ సదుపాయాన్ని నిర్దాక్షిణ్యంగా ఆపేసింది.

ఇన్ని విన్నా నేను చలించలేదు. ఫోన్‌లో ఆ పిల్ల ఒక్కటి చెప్పినప్పుడు మాత్రం కాసేపు నోరు మెదపలేదు. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు టీవీ చానళ్ళకు ఒక ఈ-మెయిల్ వచ్చింది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందని తీగ లాగితే నవీ ముంబైలో కాపురముంటున్న ఒక అమెరికన్ ఇల్లు తేలింది. పోలీసులు వచ్చి కంప్యూటర్లు పట్టుకెళ్ళారు, ప్రశ్నించారు. ఆయన చేసిన పాపమల్లా వైఫైకి తాళం వేయకపోవడం. ఎవడో దాన్ని వాడుకుని పోయాడు. మరుసటి ఏడు టెలికాం శాఖ వైఫైలకు తాళాలు వేయించమని నెట్టు కంపెనీలకు ఆదేశాలిచ్చింది కూడా. ఎదురు ఫ్లాటు కుర్రాళ్ళ పేర్లేమిటని మా ఆవిణ్ణి అడిగాను. తనకూ తెలియదంది.

అయినా తేరుకుని, అతిథికి గుక్కెడు నెట్టు పోయకపోతే మన సంస్కృతి ఏమైపోతుందే అన్నాను.

"దివిసీమలో తాతయ్య ఇంటికి అరుగు ఉండేది కదా నాన్నా" అంది.

ఉండేది. ఎండన పడి వచ్చిన వాళ్ళెవరైనా దాని మీద నడుం వాల్చేవాళ్ళు. మా అమ్మ మజ్జిగ పంపేది. పేరు అడిగేవాళ్ళు కాదు.

"మరి తలుపుకి గొళ్ళెం ఉండేది కాదా?"

జానెడు గొళ్ళెం. చీకటి పడితే మా నాన్నే రెండుసార్లు లాగి చూసేవాడు.

"నేను చేసింది అదే. గెస్ట్ నెట్‌వర్క్ అని ఇంకొకటి పెట్టాను. అది అరుగు. దాని మీద కూర్చున్న వాళ్ళకి నెట్టు వస్తుంది గానీ, లోపలున్న నీ ల్యాప్‌టాపూ, టీవీ, కెమెరా కనపడవు. ఆ పాస్‌వర్డు ఎవరికి కావాలంటే వాళ్ళకిచ్చుకో. లోపలిది మాత్రం ఎవరికీ చెప్పకు."

ఇంత చక్కగా చెప్పాక కాదనడం కార్యదర్శి హోదాకు తగదు. అరుగు పాస్‌వర్డును లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద, మెయింటెనెన్సు బకాయిల జాబితా కింద అంటించాను. దాని పుణ్యమా అని బకాయిల జాబితా కూడా మొదటిసారి అందరూ చదివారు. లోపలి పాస్‌వర్డు ఇరవై రెండు అక్షరాలది, మధ్యలో నక్షత్రాలు, పెద్దక్షరాలు. దాన్ని ఎవరికీ చెప్పలేదు. నాకే గుర్తులేదు, ఇక ఎవరికి చెప్తాను?

మొన్న ఆదివారం అమ్మాయి వీడియోకాల్ చేసింది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుతున్నాను. మాటల మధ్యలో కళ్ళు చిట్లించింది.

"నాన్నా, నీ వెనక ఫ్రిజ్ మీద ఆ కాగితమేంటి?"

"ఏం లేదమ్మా, పాల లెక్క."

"పాల లెక్కలో నక్షత్రాలు ఎందుకున్నాయి?"

అదే క్షణంలో మా ఆవిడ సాంబారు వేడి చేయడం మొదలుపెట్టింది. అమ్మాయి నోరు తెరిచి శిల్పంలా నిలిచిపోయింది.