చెరువుకి వల, కంప్యూటర్‌కి నిమ్మకాయ

గోదావరి జిల్లాల వ్యాపారులకి భద్రత అంటే ఏమిటో తెలియదని ఎవరైనా అంటే, వాళ్లని వెంటనే భీమవరం చుట్టుపక్కల బాగా నడిచే ఏ రొయ్యల చెరువుకైనా తీసుకెళ్లాలి. తీసుకెళ్లగానే లోపలికి రానిస్తారనుకోకండి. గేటు దగ్గర బండి టైర్లు క్రిములు చంపే పర్మాంగనేటు నీళ్లలో తడవాలి, ఆ తర్వాత మనిషి కాళ్లు తడవాలి. పైన కొంగ వాలకుండా వల, చుట్టూ పీత పాకకుండా కంచె. పక్క చెరువులో ముంచిన బకెట్టు ఈ చెరువులో ముంచాడంటే కాపలా కుర్రాడికి ఆ పూటే లెక్క తేల్చేస్తారు. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, కొనే ముందు వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ టెస్టు సరేసరి. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్యనీ, దాన్ని నమ్ముకున్న రైతునీ కలిపి ముంచింది. 2009లో వెనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చేనాటికి మనవాళ్లు రాటుదేలిపోయారు. వైరస్ తనంతట తను నడిచి రాదు, ఎవరో ఒకరు మోసుకొస్తేనే వస్తుందని ఇక్కడ మేత చల్లే కుర్రాడు కూడా చెబుతాడు.

ఇక అదే యజమాని గారి ఆఫీసుకి వెళ్దాం. ఇక్కడ కాళ్లు కడుక్కోనక్కర్లేదు.

బల్ల మీద కంప్యూటర్ ఉంటుంది. అందులో విండోస్ 7. దాని బాగోగులు చూడటం తయారుచేసిన కంపెనీ 2020 జనవరి 14తో మానేసింది. మన వారు మాత్రం వదల్లేదు. పెద్దవాళ్లని ఇంట్లోంచి వెళ్లగొట్టే అలవాటు మా వైపు లేదు. యాంటీవైరస్ గడువు తీరిందని తెర మీద ఎర్రటి పెట్టె రోజూ వస్తుంది, గుమాస్తా గారు రోజూ భక్తిగా దాన్ని మూసేస్తారు. దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా ఇంకా చెరగలేదు. మానిటర్ మీద నిమ్మకాయా, మిరపకాయలూ ఉన్నాయి. పాస్‌వర్డ్ వెంకటేశ్వరస్వామి క్యాలెండరు మీద పెన్నుతో రాసి ఉంది. పెద్దబ్బాయి పేరు, పక్కన 123. మార్చమని బ్యాంకువాళ్లు పోరితే చిన్నబ్బాయి పేరు పెట్టారు. మళ్లీ మార్చమన్నారు. ఉన్నది ఇద్దరు పిల్లలే కదా, తిరిగి పెద్దవాడి దగ్గరికే వచ్చారు.

పెన్‌డ్రైవ్ ఒకటుంది. పొద్దున్న ఆడిటర్ గారి ఆఫీసులో, మధ్యాహ్నం జిరాక్స్ షాపులో, సాయంత్రం మేత డీలరు దగ్గర. రాత్రికి ఇంటికొచ్చి, ఎవరూ ఏమీ అడక్కుండానే కంప్యూటర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. దానికి పర్మాంగనేటు లేదు.

2017 మే 12న వన్నాక్రై అనేది ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళాలు వేసి, మూడు వందల డాలర్లు కడితే తీస్తానంది. దానికి మందు మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లే పడ్డారు. మన ఆంధ్రాలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ పడ్డాయి కాబట్టి, ఫిర్యాదు చేద్దామని వెళ్లినవాడికి అక్కడ ఓదార్పు మాత్రం దొరికి ఉంటుంది.

అయినా ఇది పాత కథ. ఈమధ్య దొంగలు బాగా ఎదిగారు. ఒకప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ ఏటీఎం బ్లాక్ అయింది హై" అనేవారు. ఆ 'హై' దగ్గరే మనం పట్టేసేవాళ్లం. ఇప్పుడు వాట్సాప్‌లో శుభలేఖ పంపుతున్నారు. అది శుభలేఖ కాదు, ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు. తెరిస్తే ఫోన్‌లో కూర్చుని, మనకొచ్చే మెసేజులన్నీ, ఓటీపీలతో సహా, తన యజమానికి చేరవేస్తుంది. కానీ పెళ్లికి పిలిస్తే ఎవరి పెళ్లని ఆరా తీయడం మా వైపు మర్యాద కాదు. పైగా భోజనాలుంటాయి. 'తెలియని చోటు నుంచి వచ్చింది, అనుమతిస్తారా?' అని ఫోన్ అడుగుతుంది. ఆయ్, దానికేం భాగ్యమండీ అని నొక్కేస్తాం.

అన్నిటికంటే నాకు గౌరవం కలిగించేది మెయిల్ దొంగ. నిజంగా అంటున్నాను, ఇది వెక్కిరింత కాదు. పెద్దబ్బాయి పేరూ 123తో మెయిల్ తెరుచుకుని లోపలికొస్తాడు. ఏమీ ముట్టుకోడు. నెలల తరబడి చదువుతాడు. ఏ కంపెనీ దగ్గర మేత కొంటున్నాం, ఎంత బాకీ, ఎప్పుడు కడతాం, గుమాస్తా గారు ఉత్తరం ఎలా మొదలుపెడతారు, అన్నీ నేర్చుకుంటాడు. సీడ్ వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా గట్టు మీద కూర్చునే రైతు ఓపిక అది. సరిగ్గా డబ్బు కట్టే ముందు రోజు మేత కంపెనీ పేరుతో మెయిల్ వస్తుంది: మా అకౌంటు మారింది, ఈసారి దీనికి పంపండి. అడ్రసులో ఒక్క అక్షరం తేడా. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) దగ్గర కిలోకి ఐదు రూపాయలు కోశాడని ఏజెంటుతో గంటసేపు దెబ్బలాడే మనిషి, నలభై లక్షలు కొత్త అకౌంటుకి మారుస్తూ, పాత నంబరుకి ఒక్క ఫోన్ కొట్టి "ఏవండీ, నిజమేనా?" అని అడగడు. అడిగితే అవతలివాళ్లు నొచ్చుకుంటారేమోనని మొహమాటం.

ఇప్పుడు ఏఐ వచ్చింది, గొంతు కూడా అచ్చు దింపేస్తుంది. బావగారి గొంతుతో "అర్జెంటుగా రెండు లక్షలు పంపు" అని ఫోన్ వస్తే పెట్టేసి, మన దగ్గరున్న బావగారి నంబరుకి మనమే చేయమని నిపుణులు చెబుతున్నారు. నా పద్ధతి వేరు. మొన్న పులస ఎంతకి కొన్నారో అడగండి. అసలు బావగారైతే రేటు రెట్టింపు చేసి చెబుతాడు. మెషిన్‌కి ఇంకా ఆ గుణం అబ్బలేదు.

ప్రభుత్వం తన వంతు చేసింది. సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లోపు చెప్పాలనీ, కంప్యూటర్లలో ఏం జరిగిందో చెప్పే లాగ్ రికార్డులు 180 రోజులు దాచాలనీ 2022 ఏప్రిల్ 28న కేంద్రంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ సంస్థ వ్యాపార సంస్థలకి ఆదేశమిచ్చింది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం జనం వివరాలు కాపాడలేకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది ఇంకా ఏ అకౌంటులో ఉందో చూసి అక్కడే ఆపే ప్రయత్నం చేస్తారు. ఇందులో 'వెంటనే' అన్నచోటే మనకి చిక్కు. పోయింది డబ్బే అయితే 1930కి చెప్పేవాళ్లం. పరువు కూడా పోతుంది కదా. అందుకని ముందు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే అల్లుడికి చెబుతారు, ఎవరికీ చెప్పొద్దని. అల్లుడు కూతురికి చెబుతాడు, ఎవరికీ చెప్పొద్దని. ఆ తర్వాత ఎమ్మెల్యే గారి మనిషి. ఆయన రేపు కలుద్దామంటాడు. రేపు అమావాస్య. ఎల్లుండి 1930 గుర్తొచ్చేసరికి నలభై లక్షలు పది అకౌంట్లు మారి, దేశం చూసేసి, ఏటీఎంలలో నోట్లయి బయటికొచ్చేశాయి.

అయినా మన వ్యాపారి దెబ్బతిని ఊరుకునే రకం కాదు. ఆ వారమే ఆఫీసులో కొత్త సీసీ కెమెరా పెట్టించారు, సరిగ్గా కంప్యూటర్ వైపు గురిపెట్టి. దొంగ మళ్లీ వస్తే ముఖం రికార్డయిపోవాలని. ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని ఇలాంటి కెమెరాల్నే లక్షల్లో పోగేసి 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం పెద్ద పెద్ద వెబ్‌సైట్లని పడగొట్టింది. మన కెమెరాకి పాస్‌వర్డ్ మారుద్దామని బిగించిన కుర్రాడు అడిగాడు. ఎందుకులే బాబూ, ఎలా వచ్చింది అలాగే ఉంచు, మళ్లీ క్యాలెండరు మీద చోటు లేదన్నారు.