కొలవని శతాబ్దాల వానలెక్క

కృష్ణా నదిలో ఏటా ఎంత నీరు వస్తుందన్న ప్రశ్నకు, రాష్ట్రాల మధ్య ఆ జలాల పంపకం తేల్చడానికి ఏర్పాటైన బచావత్ ట్రైబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాలను చూసి జవాబు చెప్పింది. 1894-95 నుంచి 1971-72 వరకు నమోదైన అంకెల ఆధారంగా, 75 శాతం విశ్వసనీయతతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లయినా లభించే నీరు 2060 టీఎంసీలని తేల్చి రాష్ట్రాలకు పంచింది. తరవాతి బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 1961-62 మొదలుకొని 47 ఏళ్ల ప్రవాహాలను ప్రాతిపదికగా తీసుకుంది. రెండు తెలుగు రాష్ట్రాల నీటి తగవులో ఎవరి వాదన ఎంత బలమైనదైనా, అది ఈ కొద్ది దశాబ్దాల అంకెల చుట్టూనే తిరుగుతుంది. ఆ అంకెలు తప్పని మేము అనడం లేదు, అవి చాలవని అంటున్నాం. కొలతలు మొదలుకాకముందు ఇక్కడ వానలు ఎలా కురిశాయో, ఎన్నేళ్ల పాటు మొహం చాటేశాయో చెప్పే సాక్ష్యం గుహల్లోనూ సముద్రగర్భంలోనూ ఉంది. దాన్ని చదవగల భూరసాయన శాస్త్రవేత్తలు ఉన్నారు. వారి మాట నీటిపారుదల శాఖల గడప దాటి లోపలికి రావడం లేదన్నదే మా ఫిర్యాదు.

ఆ సాక్ష్యం ఆక్సిజన్ పరమాణువుల బరువులో దాగి ఉంది. నీటిలోని ఆక్సిజన్ పరమాణువుల్లో దాదాపు ఐదు వందలకు ఒకటి మిగిలినవాటికంటే రెండు న్యూట్రాన్లు ఎక్కువగా మోస్తుంది. అదే ఆక్సిజన్-18. ఇలా ఒకే మూలకంలో బరువు తేడాతో ఉండే పరమాణువులను ఐసోటోపులంటారు. దానికి రేడియోధార్మికత లేదు, కాలం గడిచినా క్షీణించదు, అందుకే స్థిర ఐసోటోపు అంటారు. సముద్రం నుంచి ఆవిరి లేచేటప్పుడు ఈ బరువైన పరమాణువులున్న నీరు కొంత వెనకబడుతుంది, మేఘం కరిగేటప్పుడు అదే ముందుగా రాలిపోతుంది. కాబట్టి ఉష్ణమండలంలో వాన ముమ్మరించే కొద్దీ, కురిసే నీటిలో ఆక్సిజన్-18 పాలు తగ్గుతూ వస్తుంది. ఐసోటోపుల నిష్పత్తి నుంచి గతకాలపు ఉష్ణోగ్రతను రాబట్టవచ్చని అమెరికా రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ 1947లో సిద్ధాంతపరంగా చూపారు. 1952 జూన్‌లో డెన్మార్క్ శాస్త్రవేత్త విలీ డాన్స్‌గార్డ్ కోపెన్‌హాగన్‌లోని తన ఇంటి తోటలో ఖాళీ బీరు సీసాకు గరాటు తగిలించి, వాన సాగుతున్న కొద్దీ వేర్వేరుగా నీళ్లు పట్టి కొలిచి, వాననీటి ఐసోటోపులు ఎలా మారుతున్నాయో గమనించారు. వాన పరిమాణానికీ ఆక్సిజన్-18కీ గల సంబంధాన్ని 1964లో ఆయనే వివరంగా రాశారు. అంతకు మూడేళ్ల ముందే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి దేశదేశాల వాననీటిని సేకరించే ఏర్పాటు మొదలుపెట్టాయి.

గుహలో జరిగేది ఇదే కథకు కొనసాగింపు. కొండ మీద పడిన వాన మట్టిలోకి ఇంకి, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ దిగి, గుహ పైకప్పు నుంచి చుక్కచుక్కగా రాలుతుంది. రాలిన చోట సున్నం, ఆ వాననీటి ఆక్సిజన్ గుర్తును తనలో దాచుకుంటూ, పొర మీద పొరగా పేరుకొని స్తంభంలా లేస్తుంది. ఆ స్తంభాన్ని నిలువుగా కోసి, పళ్ల డాక్టర్లు వాడే సన్నటి డ్రిల్లుతో మిల్లీమీటరుకంటే తక్కువ ఎడంలో పొడి గీకుతారు. చిటికెడు పొడిని ఆమ్లంలో కరిగిస్తే వెలువడే కార్బన్ డయాక్సైడును మాస్ స్పెక్ట్రోమీటరులోకి పంపి బరువైన పరమాణువుల పాలు తేలుస్తారు. పొర వయసును యురేనియం-థోరియం నిష్పత్తి చెబుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, కాంగేర్ లోయలో దండక్ గుహ ఉంది. ఆ కొండల మీద పడిన వాన శబరి దారి పట్టి కూనవరం వద్ద గోదావరిలో కలిసేదే. ఆ గుహలోని స్తంభం నుంచి క్రీ.శ. 600 మొదలు 1500 వరకు, తొమ్మిది వందల ఏళ్ల వానల తీరును 2007లో పరిశోధకులు ప్రచురించారు. పద్నాలుగో శతాబ్దంలోనూ పదిహేనో శతాబ్దపు తొలి భాగంలోనూ రుతుపవనాలు దశాబ్దాల తరబడి నీరసించిన ఘట్టాలు అందులో కనిపించాయి. 1396లో మొదలై పన్నెండేళ్లు దక్కన్‌ను పీడించిందని చెప్పే దుర్గాదేవి కరవు కాలం సరిగ్గా ఆ బలహీన ఘట్టంలోనే పడింది. ఇటీవలి కొలతలు రుతుపవనాల ఒడుదొడుకులను తక్కువ చేసి చూపుతున్నాయన్నది ఆ పరిశోధన తేల్చిన ముఖ్య విషయం. ఇరవయ్యో శతాబ్దంలో మనం చూసిన కరవులు ఒకటి రెండేళ్లకో, మహా అయితే మూడు నాలుగేళ్లకో తెరిపినిచ్చాయి. మన జలాశయాల నిర్వహణ నియమాలూ, పంటల బీమా లెక్కలూ ఆ అనుభవంలోంచి పుట్టినవే. ఒక తరం మొత్తం తక్కువ వానతో గడపవలసి వస్తే ఏం చేయాలన్నది వాటికి తెలియదు.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే గోదావరి మొగ ముందున్న సముద్రపు బురదను ఆశ్రయించాలి. 2006లో సముద్రగర్భాన్ని తొలిచే పరిశోధన నౌక జాయిడెస్ రిజల్యూషన్ మన తీరానికి వచ్చింది గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే ఇంధనం వెతుక్కుంటూ. ఆ అన్వేషణలో పైకి తీసిన బురద కడ్డీలలో ఒకటి వాతావరణ చరిత్రకు అమూల్యమైంది. నది మోసుకొచ్చిన ఆకుల మైనం ఆ బురదలో వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా ఉంది. చెట్లు, వరి గాలిలోని కార్బన్‌ను ఒక పద్ధతిలో పట్టుకుంటే, జొన్న, సజ్జ, మెట్ట ప్రాంతపు గడ్డి మరో పద్ధతిలో పట్టుకుంటాయి. రెండో జాతి మైనంలో బరువైన కార్బన్-13 పాలు స్పష్టంగా ఎక్కువ. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, సుమారు 4000 ఏళ్ల కిందట మొదలై 1700 ఏళ్ల కిందటి వరకు గోదావరి పరీవాహకంలో ఎండకు తట్టుకునే మొక్కలు క్రమంగా పెరిగి, తరవాత అలాగే నిలిచిపోయాయి. అదే బురదలోని సూక్ష్మజీవుల గవ్వల్లో ఉన్న ఆక్సిజన్, గడచిన మూడు వేల ఏళ్లలో బంగాళాఖాతం ఉప్పదనం అసాధారణంగా పెరిగిన ఘట్టాలను చూపింది. నదులు తెచ్చే మంచినీరు తగ్గిందన్నమాట. వానలు ఇలా నిలకడ తప్పడమే దక్షిణాదిలో నీటిని నిలవచేసే కట్టడాలు వేగంగా వ్యాపించడానికి దారితీసి ఉండవచ్చని ఆ పరిశోధకులు సూచించారు.

పాకాల, రామప్ప చెరువులున్న నేల మీద ఈ సూచనను తేలిగ్గా దాటవేయలేం. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాసుకున్నారు. మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలనూ చెక్కించారు. దండక్ గుహ బలహీన వానలను చూపిన శతాబ్దమే అది. అయితే రాజు చెరువు తవ్వించడానికి కరవే కారణమని దీంతో రుజువైపోదు. కీర్తికాంక్ష, పన్నుల ఆశ, ఆలయాల అవసరం కూడా చెరువులు తవ్వించాయి. అలాగే గోదావరి పరీవాహకంలో చెట్లు తగ్గి గడ్డి పెరగడంలో మనిషి గొడ్డలి పాత్ర ఎంత అన్నది వేరుగా తేల్చవలసిన విషయం. గుహ పొరల్లోని ఆక్సిజన్ వాన పరిమాణాన్నే కాక ఆవిరి ఎటునుంచి వచ్చిందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. సున్నపు స్తంభం నుంచి టీఎంసీలు రాబట్టగలమని ఎవరైనా ట్రైబ్యునల్ ముందు వాదిస్తే నమ్మనక్కరలేదు. దాని ఉపయోగం వేరు: మన ప్రణాళికలు ఎంత పెద్ద కష్టానికి తట్టుకోవాలో అది చెబుతుంది.

మరి చేయవలసిందేమిటి? గుహల్లోని పాత వానను చదవాలంటే నేటి వాన తెలియాలి. దేశవ్యాప్తంగా జలాల ఐసోటోపు గుర్తులను నమోదు చేసే పథకం అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల నాయకత్వాన లోగడ నడిచింది. ఇలాంటివి కొన్నేళ్ల గ్రాంటుతో మొదలై గ్రాంటుతోనే ముగిసిపోకూడదు. మండలాల్లో వర్షమాపకాలు ఇప్పటికే ఉన్నాయి. జిల్లాకు ఒకటి రెండు చోట్ల నెలకో చిన్న సీసాడు వాననీరు పట్టి భద్రపరచడానికి పెద్ద ఖర్చేమీ కాదు, లేజరు పరికరాలు వచ్చాక నీటి ఐసోటోపుల కొలత కూడా మునుపటికంటే చవకైంది. దానివల్ల తక్షణ ప్రయోజనమూ ఉంది. చెరువులో ఎండకు ఆవిరై మిగిలిన నీటిలో బరువైన ఆక్సిజన్ పెరుగుతుంది, ఆ గుర్తు కింది బావుల్లో ఎంత కనిపిస్తే అంతమేర చెరువునీరు ఇంకినట్టు. మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువులు భూగర్భజలాన్ని ఎంత పెంచాయన్న వివాదాన్ని ప్రకటనలతో కాక ఈ పరీక్షతో తేల్చుకోవచ్చు.

గుహల సంగతీ పట్టించుకోవాలి. కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ స్తంభం పదిహేను వేల ఏళ్ల నాటి రుతుపవనాల గురించి చెప్పింది. బొర్రా, బెలుం గుహలను మాత్రం మనం రంగుదీపాల వినోదంగానే చూస్తున్నాం. ఇప్పటికే విరిగిపడి ఉన్న స్తంభాలను ముందుగా నమోదు చేసి, పరిశోధకులకు అందుబాటులో ఉంచితే నిలిచి ఉన్నవాటిని కోయనక్కరలేదు. గోదావరి బురదను తీసిన నౌక 2024లో సేవల నుంచి తప్పుకుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ నిధులు ఆపేయడమే అందుకు కారణం. కాబట్టి తీరం వెంబడి మరిన్ని కడ్డీలు తీయాలంటే ఆ బాధ్యత మన సంస్థలే తలకెత్తుకోవాలి.

ఇక జలవనరుల శాఖల వంతు. కొత్త ఎత్తిపోతలకో కాలువకో సవివర నివేదిక రాసేటప్పుడు 47 ఏళ్ల, 78 ఏళ్ల పట్టికలతో పాటు దండక్ గుహ చూపిన తరహా కరవును కూడా ఒక పరీక్షగా పెట్టాలి. వరసగా ఇరవై ఏళ్లు వాన తగ్గితే శ్రీశైలం, సాగర్‌ల నుంచి ముందుగా ఏ కాలువకు నీరు ఆపాలి, హైదరాబాద్ దాహానికీ రాయలసీమ తాగునీటికీ ఎంత అట్టిపెట్టాలి, ఏ ఆయకట్టును వరి నుంచి ఆరుతడికి మార్చాలి అన్నవాటికి ఇరు రాష్ట్రాలూ కలిసి రాసుకున్న జవాబు ఆ నివేదికలో ఉండాలి. జలాశయాలు నిండుగా ఉన్న ఏడాదిలోనే ఆ సంభాషణ సాధ్యం. జలాశయం అడుగున మిగిలిన డెడ్ స్టోరేజీ నీటి కోసం పోలీసులను మోహరించే ఏడాదిలో కాదు.