మేకకి టేకవే లేదట!

ఒక టీవీ చానల్‌వాళ్లు మొన్న నా ఫైలు తిరిగి పంపించారు. పిల్లల కోసం బొమ్మలాట కార్యక్రమం చేస్తున్నాం, పాత్రలు రాసివ్వండి అని అడిగింది వాళ్లే. నేను ఊరికే ఉండలేక నలభై రెండు పాత్రలు, అరవై చిల్లర స్కిట్లు రాసిచ్చాను. ఒక్కటీ వాడలేదు. వాడకపోతే పోయె, నాకేం బాధ లేదు. (ఈ ముక్క రాస్తున్నప్పుడు గోడమీద బల్లి గప్‌చుప్‌గా ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.) నా బాధల్లా ఎర్ర పెన్నుతో. ప్రతి కాగితం మీదా అదే పెన్నుతో, అదే మాట: "టేకవే ఏంటి?"

మా వీధి చివర బిర్యానీ హోటల్ బోర్డు మీద తప్ప ఆ మాట నేనెక్కడా చూడలేదు. తిన్నంత తిని మిగతాది పార్శిల్ కట్టించుకుపోవడం అని నా అవగాహన. వీళ్లూ అదే అంటున్నారు. బొమ్మలాట చూసిన పిల్లవాడు ఇంటికేం పట్టుకెళ్తాడు అని. అయ్యా, వాడు చూసేదే ఇంట్లో కూర్చుని. ఇక ఎక్కడికి పట్టుకెళ్లాలి, వంటింట్లోకా?

ఉదాహరణకి మంగతాయారు. మంగతాయారు ఒక మేక. దాని పని తినడం. హోంవర్కు తింటుంది, ప్రోగ్రెస్ కార్డు తింటుంది, నాన్నగారి సంతకం ఉన్న మూలనుంచి మొదలుపెట్టి తింటుంది. ఒక ఎపిసోడ్‌లో హాజరుపట్టీ తినేస్తుంది. హాజరుపట్టీ లేదు కాబట్టి ఆ రోజు బడికి ఎవరూ రానట్టే లెక్క. రానివాళ్లు బళ్లో ఉండకూడదు కాబట్టి అందరూ ఇంటికి పోతారు. టీచరు అందరికంటే ముందు పోతుంది. అంతే కథ.

దీనిమీద మీటింగ్ పెట్టారు. ఏసీ గది, ఎనిమిది మంది పెద్దలు, ఎనిమిది మంచినీళ్ల సీసాలు. ముందుగా ఒకాయన గొంతు సవరించుకుని, "హోంవర్కు తింటే పిల్లలకి చదువు మీద గౌరవం పోతుంది సార్, ఆకుకూర తినిపిద్దాం" అన్నారు. మేక ఆకులు తింటే అందులో వింతేముందండీ అన్నాను. "అదే కదా సార్ పోషకాహారం" అన్నారు. రెండో ఆయన, కడక్కుండా తింటే తప్పుడు సందేశం వెళ్తుందన్నారు. సరే, మేక పాలకూర కడుగుతుంది. కడిగేటప్పుడు కుళాయి కట్టేయాలన్నారు మూడో ఆవిడ. సరే, కట్టేస్తుంది. నాలుగో ఆయనకి అసలు మేకతోనే పేచీ. మన స్లాట్ ఆదివారం పొద్దున, తెరమీద మేకని చూడగానే తండ్రులు సంచీ పట్టుకుని మటన్ కొట్టుకి బయల్దేరతారు, టీఆర్పీ పడిపోతుంది, జింక చేసేయండి అన్నారు. జింకకి అటవీ శాఖ పర్మిషన్ కావాలేమో అన్నారు ఐదో ఆయన. బొమ్మ జింకకి పర్మిషన్ ఏంటండీ? "రేపు ఎవరైనా కేసు వేస్తే మీరొస్తారా కోర్టుకి?" పోనీ ఆవు అన్నాను. అందరూ ఒక్కసారిగా మంచినీళ్లు తాగారు. కాసేపటికి ఎవరో నెమ్మదిగా, ఆ టాపిక్ వద్దులెండి అన్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళకి మంగతాయారు ఒక తెల్ల కుందేలైంది. కళ్లజోడు వచ్చింది. పేరు డాక్టర్ బన్నీ. కడిగిన పాలకూర కట్ట చేత్తో పట్టుకుని, కుళాయి కట్టేసి, "పిల్లలూ, ఈరోజు మనం ఏం నేర్చుకున్నాం?" అంటుంది. నేను ఉండబట్టలేక, ఆ పాలకూరైనా తింటుందా అని అడిగాను. తినదట. చూపిస్తుందట. నోట్లో తిండి పెట్టుకుని మాట్లాడకూడదు కదా సార్, అన్నారు.

ఇక బల్లి. మన ఇళ్లలో ఎవరైనా ఒక మాట అనగానే గోడమీద బల్లి అరిస్తే "సత్యం, సత్యం" అంటూ వేలితో బల్లమీద తడతాం. నా బల్లి రివర్సు. ఇంట్లో ఎవరు అబద్ధమాడినా అరుస్తుంది. నాన్న ఫోన్‌లో "ఆఁ, దార్లో ఉన్నానండీ" అంటాడు, లుంగీలో. టిక్ టిక్. అత్తయ్య "ఒక్క ముద్దే తిన్నానే అమ్మాయ్" అంటుంది. టిక్ టిక్. ట్యూషన్ మాస్టారు "మీవాడికి మంచి బుర్ర ఉందండీ" అంటాడు. బల్లి చాలాసేపు ఆలోచించి, ఒక్క టిక్ మాత్రం అంటుంది. ఇది మూఢనమ్మకమని కొట్టేశారు. అష్టాచెమ్మాలో గవ్వలు మార్చేసే నానమ్మని పెద్దల్ని కించపరుస్తోందని కొట్టేశారు. దొంగతనానికొచ్చి ఫ్యాను కింద నిద్రపోయే దొంగని దొంగ కాబట్టి కొట్టేశారు. ప్రతిదానికీ "ఎందుకు?" అనడం తప్ప ఇంకో మాట రాని బుడ్డోడు మాత్రం దాదాపు గట్టెక్కాడు. ఆఖర్న ఎవరికో అనుమానం వచ్చింది, వీడు ప్రకటనల విరామంలో కూడా అడుగుతాడా అని. పాలలో కలుపుకునే పొడి డబ్బావాళ్లు స్పాన్సర్లట.

మాట్లాడితే సెసమీ స్ట్రీట్. ఆ ఎనిమిది మందిలో కనీసం ఐదుగురు "సెసమీ స్ట్రీట్ లాగా ఎడ్యుకేషనల్‌గా ఉండాలి సార్" అన్నారు, దేవుడి పటం వంక చూసినట్టు పైకి చూసి. చూసిన మొహాలు కావవి. 1969లో మొదలైన ఆ అమెరికా బొమ్మల కార్యక్రమం అక్షరాలూ అంకెలూ నేర్పిన మాట నిజమే. కానీ అందులో ఆస్కార్ అని ఒకడున్నాడు. చెత్తడబ్బాలో కాపురం, చెత్తంటే ప్రాణం, ఎవరైనా పలకరిస్తే చిరాకు. మన కమిటీకి చిక్కి ఉంటే వాడిచేత తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు చేయించేవాళ్లు. ఇంకొకడు బిస్కెట్లు కనిపిస్తే చాలు, సగం నోట్లోకి, సగం నేలమీదకి. 2006లో అదే మన దేశానికి గల్లీ గల్లీ సిమ్ సిమ్ అయి వచ్చినప్పుడు ఆంచూ అనే బొమ్మ తుమ్మితే చాలు, ఇంకో చోట తేలేది. మనవాళ్లయితే, తుమ్మింది కదా, కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లమ్మా అనేవారు.

అసలు సంగతి వాళ్లు చెప్పరు, నేను చెప్తాను. బొమ్మలూ మనుషులూ ఒకేచోట కనిపిస్తే పసివాళ్లు గందరగోళపడతారని అక్కడి నిపుణులూ సలహా ఇచ్చారు. ఆ ప్రకారమే వీధి దృశ్యాల్లో మనుషుల్నే పెట్టి ప్రయోగాత్మకంగా కొన్ని ఎపిసోడ్లు తీసి, ప్రసారానికి ముందే పిల్లలకి చూపించారు. వీధి రాగానే పిల్లలు దిక్కులు చూశారు. అంతే, నిపుణుల మాట పక్కనబెట్టి బొమ్మల్ని వీధిలోకి దింపారు. ఆస్కార్, బిగ్ బర్డ్ అనే నిలువెత్తు పక్షి బొమ్మ అలా పుట్టినవాళ్లే. 1992లో స్నఫీ అనే బొచ్చు ఏనుగులాంటి బొమ్మ తల్లిదండ్రులు విడాకులు తీసుకున్నట్టు ఒక ఎపిసోడ్ మొత్తం తీశారు. మంచి ఉద్దేశమే, కావలసినంత టేకవే. పిల్లలకి చూపిస్తే, అమ్మానాన్నా పోట్లాడుకుంటే విడిపోవడమే అనుకుని బెంగపడ్డారు. ఖర్చు చూసుకోలేదు, ప్రసారం చెయ్యకుండా ఆపేశారు. వాళ్లదీ వాడని సరుకే, నాదీ వాడని సరుకే. కానీ దాన్ని వద్దన్నది నాలుగేళ్ల పిల్లలు. నా మేకని వద్దన్నవాళ్లలో చిన్నవాడికి యాభై రెండు.

వారసత్వ విభాగం ఉండాలని ఒక తోలుబొమ్మలాట పెద్దాయన్ని కూడా పిలిపించారు. తెర వెనకనుంచి నిలువెత్తు బొమ్మని ఆడిస్తూ, నోటితో పద్యం పాడుతూ, కాలికింద చెక్కలు తొక్కి యుద్ధం చప్పుడు చేయగల మనిషి. రామాయణం నడుస్తుండగా మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఊడిపడి నానా యాగీ చేస్తారు. తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టేది వాళ్లే. ఆ ముగ్గుర్నీ తీసేసి రాముణ్ణి మాత్రం ఐదు నిమిషాలు ఆడించమన్నారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్లు లేకపోతే రాముడు ఒక్కడే ఏం చేస్తాడు బాబూ, నిద్రపోతాడు" అన్నాడు. నవ్వారు. బయటికెళ్లేటప్పుడు ఆయన్ని ల్యాంప్‌షేడ్లు కూడా చేస్తారా, ఆఫీసుకి రెండు కావాలి అని అడిగారు. చేస్తాడు. చెయ్యక ఏం చేస్తాడు? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో బొమ్మలు చేసే చేతులే ఇప్పుడు ల్యాంప్‌షేడ్లూ చేస్తున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదు ఇవ్వగలం, సన్మానం చెయ్యగలం, శాలువా కప్పగలం. ఆదివారం పొద్దున అరగంట మాత్రం ఇవ్వలేం.

అన్నట్టు ఆయన బొమ్మలు మేకతోలుతో చేసినవే. ఎనిమిది మందిలో ఒక్కరికీ తట్టలేదు.

హోంవర్కు తినే మేక పిల్లల్ని చెడగొడుతుందని చెప్పిన ఇలాంటి చానళ్లలోనే సాయంత్రమైతే ఏం వస్తోంది? ఆరేళ్ల పాప. మొహం నిండా మేకప్. ఐటెం పాటకి నడుం తిప్పుతుంటే జడ్జీలు లేచి నిలబడి ఈలలు. తప్పు స్టెప్ వేస్తే ఏడిపించి, ఆ ఏడుపుని మూడు కెమెరాల్లో తీసి, వయొలిన్ కలిపి రెండుసార్లు చూపిస్తారు. పిల్లల్ని ఇలా చూపించొద్దని 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చానళ్లకి రాసి మరీ చెప్పాల్సి వచ్చింది. సర్కారు చెప్పాలా ఇది? ఆ పాప ముందు ఎవడైనా కూర్చుని టేకవే ఏంటని ఎర్ర పెన్ను తీశాడా? ఆ పెన్ను ఆ సాయంత్రం ఎవడి జేబులో ఉంది? సిగ్గు లేకపోతే సరి. నా మేక ఎవరి బట్టలూ విప్పలేదు, ఎవర్నీ ఏడిపించలేదు. కాగితం తిన్నది, అంతే.

సరే. బీపీ మాత్ర వేసుకున్నాను.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ లేదని వాచ్‌మన్ అన్నాడు (బల్లి అరిచిందో లేదో వినపడలేదు). పిల్లలు ఏడుగురు మెట్లమీద చేరారు. సెల్‌ఫోన్ లైటు, రెండు పాత మేజోళ్లు, ఒక గోడ దొరికాయి. మంగతాయారు ముందు ఒకడి డ్రాయింగ్ పుస్తకం తింది, తర్వాత మెయింటెనెన్స్ నోటీసు తింది. నోటీసు దగ్గర పిల్లల వెనక నిలబడ్డ పెద్దవాళ్లు కూడా నవ్వారు. బల్లికి మంచి పేరొచ్చింది. గవ్వల నానమ్మ తేలిపోయింది. "మా నానమ్మ ఇంతకంటే ఎక్కువ మోసం చేస్తుంది అంకుల్" అన్నాడు మూడో అంతస్తు కుర్రాడు, జాలిగా.

దొంగని దింపాను. వచ్చాడు, బీరువా చూశాడు, ఫ్యాను వేసుకున్నాడు, పడుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ఒక పాప మాత్రం చెయ్యెత్తింది.

"వాడికి వాళ్లింట్లో ఫ్యాను లేదా?"

నా దగ్గర జవాబు లేదు. లైటు ఆర్పేసి, ఇంటికొచ్చి, ఆ కాగితం నేనే ఫైల్లోంచి తీసేశాను.