'యానిమల్స్'ను నాలుగో స్థానంలో కూర్చోబెట్టేవారితో నా పేచీ

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్‌లకు వరుస కట్టే చర్చ ఎప్పుడు మొదలైనా మొదటి మూడు స్థానాలు అప్పటికే నిండిపోయి ఉంటాయి. 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', 'విష్ యూ వర్ హియర్', 'ది వాల్' అనే మూడింటిని అటూ ఇటూ జరపడంలోనే అభిమానుల ఉత్సాహమంతా ఖర్చవుతుంది. 1977లో వచ్చిన 'యానిమల్స్'కు నాలుగో స్థానంతో పాటు "మంచిదే గాని పాటలు తక్కువ" అన్న ఓదార్పు మాట దక్కుతుంది. నా అభ్యంతరమంతా ఆ మాట మీదే.

'యానిమల్స్'లో ఉన్నవి ఐదు ట్రాకులు. 'విష్ యూ వర్ హియర్'లో ఉన్నవీ ఐదే. అక్కడ ఎవరికీ తక్కువ అనిపించని సంఖ్య ఇక్కడ మాత్రం లోపంగా ఎలా మారుతుంది? రేడియోలో వేసుకోవడానికి వీలైన పాట లేదన్నదే అసలు ఫిర్యాదైతే, ఆ మాటే సూటిగా అనవచ్చు. అయితే అది రేడియోవారి ఇబ్బందే తప్ప, కూర్చుని వినేవారిది కాదు.

17 నిమిషాల 'డాగ్స్'నే తీసుకోండి. నడిమధ్యన బృందం గిటారిస్టు గిల్మోర్ పాడిన 'స్టోన్' అన్న ఒక్క మాట ప్రతిధ్వనిస్తూ, పలుచబడుతూ, చివరకు మాటగా గాక వట్టి ధ్వనిగా మిగిలిపోతుంది. దాని మీద సింథసైజర్ మెల్లగా పరుచుకుంటుంది. ఆ తర్వాత పాట మళ్ళీ లేచేసరికి పాడుతున్నది బాసిస్టు వాటర్స్. 'షీప్'లో ఇంకో చిత్రం ఉంది. వాటర్స్ పాదం చివర గొంతు సాగదీస్తాడు, ఆ గొంతు ఏ క్షణాన సింథసైజర్‌గా మారిందో ఎన్నిసార్లు విన్నా నేను పట్టుకోలేకపోయాను. పాటలను లెక్కపెట్టేవారికి ఇలాంటివి ఏ గడిలో వేయాలో తెలియదు.

ఈ రెండు పాటలను 1974 కచేరీల్లోనే వేరే పేర్లతో వాయించారు కాబట్టి ఇది మిగిలిపోయిన సరుకుతో నింపిన ఆల్బమ్ అని కొందరంటారు. జనం ముందు నలిగి పదునెక్కిన పాటను మిగులు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. నన్ను నిజంగా ఇరుకున పెట్టే వాదన ఒక్కటే: ఇందులో రచయితగా బృందం కీబోర్డు వాద్యకారుడు రిచర్డ్ రైట్ పేరు ఒక్క పాటకూ లేదు. ఆ లోటు వినిపిస్తుందని ఒప్పుకుంటాను. అయినా 'షీప్'ను తెరిచే ఆ ఎలక్ట్రిక్ పియానో ఆయనదే, అది లేని 'షీప్'ను నేను ఊహించలేను.

'డార్క్ సైడ్' విషయానికి వస్తే, 1973 నుంచి 1988 వరకు అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో అది 741 వారాలు ఉందన్న లెక్కను వాదనలా వాడటం మానుకుంటే బాగుంటుంది. అది ఎంతమంది కొన్నారో చెబుతుంది గాని ఏది మెరుగో చెప్పదు. రెండు డిస్కుల 'ది వాల్'లో కథ నడపడానికే ఉన్న ముక్కలు కొన్ని ఉన్నాయి. వాటిని విడిగా వినాలని నాకు ఏనాడూ అనిపించలేదు.

కాబట్టి నా వరుసలో 'యానిమల్స్' మొదటిది, 'విష్ యూ వర్ హియర్' రెండోది, 1971 నాటి 'మెడిల్' మూడోది, 'డార్క్ సైడ్' నాలుగోది. 'మెడిల్' పేరు ఎత్తగానే, అందులో కుక్క ఊళ పెట్టే 'షేమస్' పాటను నా మీదికి ఉసిగొల్పుతారని తెలుసు. ఊళ పెట్టనివ్వండి, అది రెండు నిమిషాల పైచిలుకు వ్యవహారం, ఆ రికార్డు రెండో వైపంతా 'ఎకోస్' అనే ఒకే పాటదే.