‘సూపర్ అన్నా’ల మధ్య కనిపించకుండా పోతున్న పాలమూరు

ఆదివారం రాత్రి తొమ్మిదయ్యేసరికి నల్గొండ, మహబూబ్‌నగర్ ఫొటో గ్రూపులు నిండిపోతాయి. సోమశిల పోయొచ్చినవాళ్లు కృష్ణా బ్యాక్‌వాటర్ మీద డ్రోన్ షాట్లు పెడతారు. సాగర్ గేట్లు ఎత్తిన వారమైతే ఇక నురుగే నురుగు. ఫరహాబాద్ వ్యూ పాయింట్ నుంచి మంచు, భువనగిరి గుట్ట మీద నుంచి సూర్యోదయం. ప్రతి ఫొటో కిందా అవే మాటలు: సూపర్ అన్నా, కిరాక్, నెక్స్ట్ లెవెల్. ఆ వెంటనే చప్పట్ల బొమ్మలు. తెల్లారి గుడ్ మార్నింగ్‌లు మొదలయ్యేసరికి ఆ ఫొటోలు ఎక్కడో పైకి వెళ్లిపోయి ఉంటాయి. వాటి గురించి మళ్లీ ఎవరూ మాట్లాడరు.

దీన్ని మనం స్నేహం అనుకుంటున్నాం. నాకైతే ఎదుటివాడి ఫొటోను చూడకుండా తప్పించుకోవడానికి దొరికిన మర్యాదైన దారిలా కనిపిస్తోంది. దక్షిణ తెలంగాణలో ఇవాళ కెమెరాలకు కరువు లేదు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, మెడికల్ షాపు యజమానులు, డిగ్రీ పిల్లలు, అందరి చేతిలో సెకండ్‌హ్యాండ్ మిర్రర్‌లెస్ కెమెరానో, మంచి ఫోనో ఉంది. లేనిదల్లా ‘ఈ ఫొటో ఎందుకు నిలబడలేదో చెప్తా, కూర్చో’ అనే మనిషి. ఆ మనిషి దొరకనంత కాలం ఎంత ఖరీదైన లెన్స్ కొన్నా మన ఫొటో ఉన్న చోటే ఉంటుంది.

నల్గొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్నే తీసుకోండి. జిల్లాలో కెమెరా పట్టినవాళ్లు దాన్ని తీయకుండా ఉండరు. కుందూరు చోళుల కాలపు త్రికూటాలయం అది. మూడు గర్భగుళ్లు, మధ్యలో మండపం. అందులో ఒక గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద, స్తంభం లాంటి నీడ పగలంతా నిలిచి ఉంటుంది. ఇదిగో దీని నీడే అని చూపించడానికి ఎదురుగా ఏ ఒక్క స్తంభమూ కుదరదు. బయటి వెలుతురు మండప స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వచ్చే తీరు వల్ల ఆ నీడ ఏర్పడుతుంది. ఆ రాళ్లు పేర్చినవాళ్లకు వెలుతురు ఎలా నడుస్తుందో మనకంటే బాగా తెలుసు.

మరి మన ఫొటోల్లో ఏమవుతోంది? లోపల చీకటిగా ఉందని ఫోన్ తనంతట తాను నైట్ మోడ్‌లోకి పోతుంది. వెలుగునీ చీకటినీ సమం చేసే హెచ్‌డీఆర్ సెట్టింగ్ చీకటి భాగాలన్నిటినీ పైకి లేపుతుంది. రాయి నున్నగా మెరుస్తుంది, మూలమూలా కనపడుతుంది, నీడ మాత్రం పలచబడి గోడ మీద మరకలా మిగులుతుంది. దేని కోసం పోయామో దాన్నే సాఫ్ట్‌వేర్ తుడిచేసింది. ఆ ఫొటోకు గ్రూపంతా చప్పట్లు! ఒక్కరంటే ఒక్కరు ‘అన్నా, నీడ ఏది?’ అని అడిగితే చాలు. ఆ తీసినాయన వచ్చే వారం మళ్లీ పానగల్లు పోతాడు. నైట్ మోడ్ ఆపేస్తాడు. గోడ మీద వెలుగు పడే చోట ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి వచ్చే వెలుగు, లాక్ చేసి ఇంకాస్త తగ్గిస్తాడు, చుట్టూ ఉన్న చీకటిని చీకటిగానే వదిలేస్తాడు. ఆ ఒక్క ప్రశ్న లేకపోతే, జీవితాంతం ఆ గుడిని వెలిగించి తీస్తూనే ఉంటాడు.

నోరు విప్పే కొద్దిమంది కూడా ఇలాంటి ప్రశ్న అడగరు. హొరైజన్ వంగింది, ఫ్రేమును మూడేసి భాగాలు చేసి చూసే రూల్ ఆఫ్ థర్డ్స్ పాటించలేదు, రంగుల సాచురేషన్ ఎక్కువైంది అంటారు. తప్పేమీ లేదు గానీ ఈ సంగతులు చెప్పడానికి మనిషి అక్కర్లేదు. గ్రిడ్ గీతలు ఫోనే గీసి చూపిస్తుంది, వంగిన హొరైజన్‌ను ఒక్క నొక్కుతో సరిచేస్తుంది.

కొంచెం చేయి తిరిగాక సలాన్ అనే ఫొటో పోటీల దారి పడతారు. ఫియాప్, పీఎస్‌ఏ లాంటి విదేశీ ఫొటోగ్రఫీ సంస్థల గుర్తింపుతో జరిగే పోటీలివి. ఫీజు కట్టాలి, ఫొటోలు పంపాలి, యాక్సెప్టెన్స్‌లు, అంటే ఎంపికైన ఫొటోల లెక్క, కూడబెట్టాలి, తగినన్ని పోగయ్యాక పేరు వెనక ఏఎఫ్‌ఐఏపీ లాంటి బిరుదు అక్షరాలు తగిలించుకోవచ్చు. జడ్జీలు వేసిన మార్కులు ఇంటికొస్తాయి, కారణం మాత్రం రాదు. ఎందుకు తీసేశారో తెలియనప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? నెగ్గినవాళ్ల ఫొటోలు ముందేసుకుని అలాంటివే తీస్తారు.

నాకు అసలు కోపం తెప్పించేది ఇదే. పొగడ్త ఊరికే పోదు, నకళ్లను పుట్టిస్తుంది. ఏ ఫొటోకు చప్పట్లు ఎక్కువ పడ్డాయో వచ్చే ఆదివారం అందరూ అదే తీస్తారు. అలా తీసి తీసి మన దగ్గర ‘మంచి ఫొటో’ అంటే ఓ పట్టీ తయారైంది. ముడతలు పడ్డ ముసలమ్మ ముఖం, తప్పనిసరిగా బ్లాక్ అండ్ వైట్‌లో. అద్దాల రవికెలో లంబాడీ మహిళ, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్. సాయంత్రం ఎండలో దుమ్ము లేపుతూ మేకల మంద. ఆ దుమ్ము సరిగ్గా లేవలేదని కాపరిని బతిమాలి మందను వెనక్కీ ముందుకీ తోలించడం కూడా ఇప్పుడు మామూలైపోయింది. చెరువులోకి దూకే పిల్లలు. అటక మీద నుంచి దించిన చేటతో వడ్లు తూర్పారబట్టే రైతు.

చేటతో తూర్పారబట్టడం! నల్గొండ జిల్లాలో వరి ఎలా కోస్తున్నారో ఆ గ్రూపులో ఉన్న రైతుబిడ్డలందరికీ తెలుసు. హార్వెస్టర్ కోస్తుంది, ట్రాక్టర్‌లో పోస్తుంది, వడ్లు నేరుగా సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ చేరతాయి. అసలు కథ అక్కడ మొదలవుతుంది. తేమ 17 శాతానికి దిగేదాకా ఎండబోయాలి. మబ్బు పడితే టార్పాలిన్ కోసం ఉరకాలి. రాత్రి కుప్ప పక్కనే మంచం వేసుకుని పడుకోవాలి. తేమ మెషీన్ మీద అంకె వచ్చే క్షణంలో రైతు ముఖం ఎలా ఉంటుందో చూశారా? మన హాబీ ఫొటోగ్రాఫర్లలో దాన్ని తీసినవాళ్లు నాకింతవరకు కనపడలేదు. వాళ్ల నాన్న ఆ కుప్ప పక్కన పడుకుని ఉంటాడు, వీళ్లు చేట కోసం వెతుకుతుంటారు.

పోచంపల్లి సంగతీ అంతే. మగ్గం, రంగులు, కిటికీలోంచి పడే వెలుగు, మన వాళ్లు వందల కొద్దీ తీస్తారు. మగ్గం దాకా రాకముందు ఆసు పోయాలి, అంటే చీర దారాన్ని మేకుల చుట్టూ చేత్తో చుట్టాలి. ఒక్కో చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి, ఎక్కువగా ఆడవాళ్లే చేసే పని, భుజాలు పడిపోయే పని. తల్లి పడుతున్న ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంత పెద్ద కథ ఉన్న భుజం మన ఫ్రేముల్లో ఎందుకు లేదు? పద్మశాలీల ఇంట్లో పుట్టినవాడెవడో గ్రూపులో ఉండే ఉంటాడు. ‘ఆసు ఏది?’ అని అతను అడగాలి. అడగడు. సూపర్ అంటాడు.

ఇది ఫొటోగ్రఫీతో ఆగే విషయం కాదని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఈ నేలను మొదటి నుంచీ బయటివాళ్లే చూశారు. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అని తన పేరిచ్చిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులోనే రాజా దీన్ దయాళ్ ఉండేవారు. ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందినవాడు, దేశం గర్వించదగ్గ ఫొటోగ్రాఫర్. దర్బారులు, మహళ్లు, వేటలు ఆయన తీసినట్టు ఇంకొకరు తీయలేదు. అయినా అది కొలువు కెమెరా, కొలువు మెచ్చేదాన్నే ఎక్కువగా చూసింది. తర్వాత కాలంలో పాలమూరంటే నెత్తిన తట్ట, చంకన బిడ్డ, ముంబయి బస్సు. దేశంలో ఎక్కడ డ్యామ్ కడుతున్నా అక్కడ పాలమూరు కూలీ. నల్గొండంటే మర్రిగూడలో, మునుగోడులో వంకరపోయిన కాళ్లు. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పడిపోయింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆ ఫొటోలు అవసరమైనవే, వాటి వల్ల జరిగిన మేలును కాదనను. అయితే వాటిలో చూసే పని ఎప్పుడూ వేరేవాళ్లది, కనపడే పని మనది.

ఇప్పుడు కెమెరా మన మెడలోకే వచ్చింది. వచ్చాక మనం చేస్తున్నదేమిటి? బయటినుంచి వచ్చినవాడు ఏ ముసలమ్మను ఏ యాంగిల్‌లో తీశాడో, సొంత ఊళ్లో సొంత అవ్వను అదే యాంగిల్‌లో తీస్తున్నాం. ఆమె పేరు తెలుసు, ఆమె భూమి ఏ కాలువ కింద పోయిందో తెలుసు, కొడుకు ఎక్కడికి వలస పోయాడో తెలుసు. ఫొటో కింద మాత్రం ‘పల్లె అందం’ అని రాస్తాం. ఈ జబ్బుకు నాకు తెలిసిన మందు ఒక్కటే, పక్క ఊరివాడు అడిగే ప్రశ్న. లండన్ జడ్జీకి చేట తప్పని తెలియదు. దేవరకొండవాడికి తెలుస్తుంది.

పిల్లలమర్రి గుర్తుందా? వందల ఏళ్ల మర్రి, ఊడలే మాన్లయి మొదలు మాను ఎక్కడుందో తెలియని చెట్టు. తరాలుగా పాలమూరువాళ్లు అక్కడ ఫొటోలు దిగుతున్నారు, తీస్తున్నారు. 2017 చివర్లో కొమ్మ విరిగిపడ్డాక గానీ చెద ఎంత తినేసిందో జనానికి తెలియలేదు. 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చెదల మందు ఎక్కించిన ఫొటోలు దేశవిదేశాల్లో తిరిగాయి. ఆ ఫొటోల్లో థర్డ్స్ లేవు, పొద్దుపొడుపు, పొద్దుగూకు వేళల గోల్డెన్ అవర్ వెలుగు లేదు. చెట్టుకు ఏమైందో ఉంది. అంతకుముందు మనం తీసుకున్న ఆకుల గొడుగుల ఫొటోలు ముందేసుకుని, ‘ఈ మాను మీద ఈ మట్టి గీతలేంటి?’ అని ఎవరైనా ఓ పూట కూర్చుని అడిగి ఉంటే ఎలా ఉండేది? ఫొటోను విమర్శించడం అంటే చూపును మళ్లీ వస్తువు మీదికి తీసుకెళ్లడమే కదా.

హాబీకి ఇంత రాద్ధాంతమా, ఆఫీసు టెన్షన్ పోగొట్టుకోవడానికి తీసుకునే ఫొటోలకు పరీక్షలెందుకు అంటారు. కొత్తవాళ్లు చిన్నబుచ్చుకుని కెమెరా పక్కన పడేస్తారంటారు. అమ్మాయిలు ఫొటో పెడితే సలహా వంకతో ఇన్‌బాక్స్‌లో దూరేవాళ్ల సంగతేంటని కూడా అడుగుతారు. ఈ చివరిది నిజమైన సమస్య. చెప్పేదేదో అందరి ముందూ చెప్పాలన్న నియమం పెడితే సగం తీరుతుంది. మిగతావాటితో నేను ఏకీభవించను. సాయంత్రం సరదాకు క్యారమ్స్ ఆడేవాడు కూడా స్ట్రైకర్ ఎలా పట్టాలో పక్కవాడితో చెప్పించుకుంటాడు, దానికేం అలగడు. ‘నీకు ఫొటోగ్రఫీ రాదు’ అనడం వేరు, ‘ఈ ఫొటోలో నా కన్ను ఎటు పోవాలి?’ అనడం వేరు. ఆ తేడా తెలియనివాడికి గ్రూపులో మైకు ఇవ్వకుంటే సరిపోతుంది.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడింది కూడా కాదు. వాట్సాప్ ఫొటోను నలిపేసి పంపుతుంది, ఫోన్ తెర మీద అన్నీ మెరుస్తాయి. నెలకోసారి నాలుగైదు ఫొటోలు ప్రింట్ వేయించి, చిన్న మ్యాక్సీ సైజైనా సరే, బల్ల మీద పరిచి కూర్చోవాలి. తీసినవాళ్లు ముందు నోరు మెదపకూడదు, ఫొటోకు సంజాయిషీ అవసరం పడిందంటే అక్కడే లోపం దొరుకుతుంది. ఫొటోలో ఉన్న మనిషికి ఒక ప్రింట్ ముందే చేరాలి, ఆమె ఏమందో కూడా బల్ల మీదికి రావాలి. ‘నన్ను ఇట్ల తీసినవేంది బిడ్డా, పండుగ చీర కట్టుకుని వస్తుంటి గదా’ అని ఆమె అంటే, ఆ మాట ఏ జడ్జీ మార్కుకూ తీసిపోదు.

ఏటా ఆగస్టు 19న మన మండల కేంద్రాల్లో ఫొటోగ్రాఫర్ల సంఘాలు లూయీ డాగురే పటానికి దండ వేస్తాయి, కేకు కోస్తాయి, ఆస్పత్రిలో పండ్లు పంచుతాయి. 1839లో ఫ్రాన్స్ ప్రభుత్వం డాగురే పద్ధతిని లోకానికి వెల్లడించిన రోజది. దండలు వేయండి, కాదనను. అదే టెంటు కింద ఊరి ఫొటోలు పది వేలాడదీసి జనాన్ని మాట్లాడనిస్తే డాగురేకు వచ్చే నష్టమేమీ లేదు.

ఇంకో మాట. హాబీ గ్రూపుల్లో ఓ రహస్య కులతత్వం నడుస్తోంది. పెళ్లిళ్లు తీసేవాళ్లను, పాస్‌పోర్ట్ ఫొటోల స్టూడియోవాళ్లను లోపలికి రానివ్వరు. వాళ్లది వ్యాపారమట, మనది కళట. రీలుకు ముప్పై ఆరు ఫ్రేములే ఉన్న రోజుల్లో ఒక్కో క్లిక్కుకూ లెక్క చెప్పుకున్నవాళ్లు వాళ్లు. డార్క్‌రూమ్‌లో నెగటివ్ ఎత్తి పట్టుకుని తప్పు ఎక్కడుందో ఒక్క చూపులో చెప్పగలిగినవాళ్లు. చీకటి కల్యాణమండపంలో, కదులుతున్న మనుషుల మధ్య, తాళి కట్టే క్షణాన్ని వదలకుండా పట్టుకున్నవాళ్లకు వెలుతురు గురించి మనం నేర్పేదేముంది? మన ఊళ్లలో అలాంటివాళ్ల స్టూడియోలు ఇప్పుడు సగం పొద్దు ఖాళీగానే ఉంటున్నాయి. కుర్చీలు కూడా అక్కడే ఉన్నాయి. వచ్చే నెల ప్రింట్లు పట్టుకుని ముందు అక్కడికే పోవచ్చు. ఆయన్ను గ్రూపు అడ్మిన్‌ను చేయనక్కర్లేదు, చాయ్ ఇప్పిస్తే చాలు.