పదేళ్లు వదిలేస్తే అడవి దానంతటదే వచ్చేస్తుందా?

ఒకే మెసేజ్ ఈ నెలలో నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. మూడోసారి పంపింది మా పెదనాన్నగారి అబ్బాయి. చివర దండం బొమ్మ పెట్టి, "ఇది చదివాక టెన్షన్ తగ్గింది తమ్ముడూ" అని రాశాడు. మా ఊరి గుట్ట మీద మళ్లీ ఒక క్వారీ తెరుస్తారని మాట నడుస్తోంది. ఆ టెన్షన్ అన్నమాట.

మెసేజ్ చెప్పేది క్లుప్తంగా ఇదీ. ప్రకృతికి మన సాయం అక్కర్లేదు. అగ్నిపర్వతం పేలి బూడిదైన క్రాకటోవా దీవి పదేళ్లలో అడవైపోయింది. అమెరికాలో సెయింట్ హెలెన్స్ కొండ కూడా అంతే. అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్‌లో ఇప్పుడు తోడేళ్లు తిరుగుతున్నాయి. నరికేసిన అడవి 20 ఏళ్లలో 78 శాతం తిరిగొస్తుందని శాస్త్రవేత్తలే తేల్చారు. ముందు గడ్డి, తర్వాత పొదలు, ఆ తర్వాత చెట్లు, ఎక్కడైనా ఇదే వరుస. కాబట్టి కొండ తవ్వినా అడవి కొట్టినా గగ్గోలు పెట్టొద్దు, మొక్కలు నాటడానికి డబ్బు తగలెయ్యొద్దు, పదేళ్లు ఊరికే వదిలేస్తే చాలు.

ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువ, సగం నిజాలు ఎక్కువ. చిక్కంతా అక్కడే.

ముందు క్రాకటోవా. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని ఈ దీవి పేలినప్పుడు మూడింట రెండొంతులు సముద్రంలో కలిసిపోయింది. మిగిలిన ముక్కను రకాటా అంటారు. దాని మీద వేడి బూడిద పదుల మీటర్ల మందాన పడింది. మరుసటి ఏడాది మేలో అక్కడికి వెళ్లిన ఫ్రెంచి బృందం ఎంత వెతికినా కనిపించిన ప్రాణి ఒకే ఒక్క చిన్న సాలీడు. గూడు అల్లుకుంటోందట. ఆ గూట్లో పడటానికి ఈగ లేదు, దోమ లేదు. గాలికి కొట్టుకొచ్చి, అలవాటు కొద్దీ తన పని తాను చేసుకుపోతోంది పాపం.

1886లో ట్రూబ్ అనే వృక్షశాస్త్రవేత్త వెళ్లేసరికి బూడిద మీద జిగురు పొరలా నాచు పట్టి ఉంది. కొన్ని ఫెర్న్‌లు, ఒడ్డున కొద్దిపాటి పూల మొక్కలు కనిపించాయి. 1897 నాటికి, అంటే పద్నాలుగేళ్లకు, దీవి లోపలి భాగమంతా నిలువెత్తు గడ్డి. అందులో ప్రధానమైనది మన గోదావరి లంకల్లో కనిపించే రెల్లు జాతే. మెసేజ్ లెక్కన పదేళ్లకే అడవి రావాలి. పద్నాలుగేళ్లకు కూడా రెల్లు దుబ్బులే ఉన్నాయి. కొమ్మలు కొమ్మలు కలిసి నీడ పరిచే అడవి అనదగ్గది వచ్చేసరికి 1920లు దాటిపోయాయి.

పోనీ, ఆలస్యమైనా వచ్చింది కదా అంటారు. వచ్చింది, కానీ ఏ అడవి? జావా, సుమత్రా ఒడ్డుల నుంచి ఈ దీవికి దాదాపు 40 కిలోమీటర్ల సముద్రం. దాన్ని దాటగలిగినవే వచ్చాయి. ఫెర్న్ బీజాలు గాలిలో ఎగిరొచ్చాయి. కొబ్బరి, సరుగుడు నీళ్ల మీద తేలొచ్చాయి. మర్రి, మేడి జాతుల పళ్లు తిన్న పిట్టలూ గబ్బిలాలూ ఆ గింజల్ని కడుపులో పెట్టుకుని తెచ్చాయి. జావా, సుమత్రాల పాత అడవుల్లో పెద్దరికం వహించే చెట్లు మాత్రం, అంటే మన ఉత్తరాంధ్ర కొండల్లో ఉండే గుగ్గిలం చెట్టు కుటుంబానివి, ఈ ప్రయాణం చెయ్యలేకపోయాయి. వాటి గింజలు రాలిన కొద్ది రోజుల్లోనే మొలకెత్తాలి, లేదంటే చచ్చిపోతాయి. 140 ఏళ్లు గడిచినా రకాటా అడవి ఎదుటి ఒడ్డు అడవితో సాటి రాదు. పక్కనే 1927లో సముద్రంలోంచి లేచిన పిల్ల క్రాకటోవా కథ ఇంకా ఘోరం. పచ్చదనం కాస్త నిలదొక్కుకునేలోపే అది మళ్లీ పేలుతుంది. 2018 డిసెంబరులో సగం కొండ కూలి సునామీ వచ్చినప్పుడు కూడా కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఇక సెయింట్ హెలెన్స్. 1980 మే 18న పేలింది. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల అడవి నేలమట్టమైంది. తర్వాత అక్కడ పచ్చదనం త్వరగా వచ్చిన మాట నిజమే. ఎక్కడ త్వరగా వచ్చిందో చూడాలి. పేలుడు నాటికి కొండ మీద ఇంకా మంచు కరగలేదు. ఆ మంచు కింద పడుకున్న చిన్న మొక్కలు బతికాయి. గడ్డకట్టిన చెరువుల అడుగున కప్పలు బతికాయి. గోఫర్ అని పందికొక్కులాంటి జంతువు ఒకటుంది, బొరియల్లో ఉండి బతికింది. అది బూడిద కింది పాత మట్టిని తవ్వి పైకి పోసింది. ఆ మట్టితో పాటు వేళ్లకు సాయపడే శిలీంధ్రాలూ పైకొచ్చాయి. అలాంటి చోట్ల పచ్చదనం తిరిగిరావడంలో వింతేమీ లేదు, సగం సరంజామా అక్కడే ఉంది.

అదే కొండకు ఉత్తరాన ప్యూమిస్ మైదానం అని ఒక చోటుంది. అక్కడ వేళ్లు, విత్తనాలు, మట్టి ఏమీ మిగల్లేదు. 1981లో అక్కడ కనిపించిన మొదటి మొక్క ల్యూపిన్. చిక్కుడు కుటుంబానిది. గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టి ఉంచుకుంటుంది. పొలంలో జనుము, పిల్లిపెసర చల్లి కలియదున్నే రైతుకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆ ఒక్క మొక్క గుంపై, గుంపు తివాచీ అయి, చచ్చిన ఆకులు మట్టై, తర్వాతివాటికి చోటిచ్చాయి. అదీ సాఫీగా జరగలేదు. గుంపుల అంచుల్లో గొంగళిపురుగులు పడి ల్యూపిన్ విస్తరణను ఏళ్ల తరబడి వెనక్కి లాగాయి. నలభై ఏళ్లు దాటాక కూడా ఆ మైదానంలో పాత దేవదారు జాతుల అడవి లేదు. గడ్డీ పొదలూ, వాగుల వెంట తుప్పలే ఎక్కువ. ఒకే కొండ, ఒకే పేలుడు, ఒకే వాతావరణం. తేడా వచ్చింది ఏం మిగిలిందన్న దగ్గరే.

చెర్నోబిల్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. తోడేళ్లు తిరుగుతున్న మాట నిజం. బెలారస్ వైపు భాగంలో చుట్టుపక్కల అభయారణ్యాలకన్నా ఏడు రెట్లు ఎక్కువ ఉన్నాయని 2015లో లెక్క తేలింది. కానీ 1986లో అక్కడ ప్రధానంగా జరిగింది మనుషుల్ని ఖాళీ చేయించడమే. వేట, సేద్యం ఆగిపోయాయి, చుట్టూ అడవులూ చిత్తడి నేలలూ అలాగే ఉన్నాయి, జంతువులు నడిచొచ్చాయి. రియాక్టర్ పక్కన రేడియేషన్ తగిలిన పైన్ చెట్లు మాత్రం ఎర్రబడి చచ్చిపోయాయి. ఇది మనుషులు తప్పుకుంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ. కొండ తవ్వుకునేవాడికి ఎలా పనికొస్తుందో నాకు అర్థం కాలేదు.

ఆ 78 శాతం సంగతికొద్దాం. మా అన్నయ్యను పడగొట్టింది ఇదే. అంకె కల్పితం కాదు. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అది. 77 చోట్ల, రెండు వేలకు పైగా చిన్న చిన్న గళ్లలో, తిరిగి పెరుగుతున్న ఉష్ణమండల అడవుల్ని కొలిచారు. ఇరవై ఏళ్లకు పాత అడవి స్థాయిలో సగటున 78 శాతానికి చేరాయి. సగటున అన్న మాట మెసేజ్‌లో ఎగిరిపోయింది. అదే వాక్యంలో 33 నుంచి 100 వరకు అని కూడా ఉంది. పన్నెండు రకాల లక్షణాల్ని కొలిస్తే వచ్చిన సగటు అది. పిల్లాడికి లెక్కల్లో నూటికి నూరు, తెలుగులో 33 వస్తే సగటు చూపించి సంబరపడతామా? మట్టి పదేళ్లలోపే కోలుకుంటోంది. చెట్ల ఎత్తు, అడవి ఆకారం, ఎన్ని రకాల చెట్లున్నాయన్న లెక్కకు పాతికేళ్ల నుంచి అరవై ఏళ్లు పడుతోంది. చెట్లలో నిల్వయ్యే మొత్తం బరువుకీ, మునుపటి జాతులే మునుపటి పాళ్లలో రావడానికీ 120 ఏళ్లు దాటుతోంది.

అంతకన్నా ముఖ్యం, వాళ్లు కొలిచిన నేలలేవో చూడాలి. అమెరికా ఖండాల్లో, పశ్చిమ ఆఫ్రికాలో అడవి కొట్టి కొన్నాళ్లు సేద్యమో పశువుల మేతో సాగించి వదిలేసిన భూములవి. మట్టి చోటునే ఉంది, పెద్దగా పాడవలేదు, పక్కన అడవి ఉంది. క్వారీ గుంతల్ని, బొగ్గు గనుల పక్కన పోసిన మట్టిగుట్టల్ని వాళ్లు కొలవలేదు. ఇంటర్ బోటనీలో అనుక్రమం, అంటే ఒక నేల మీద మొక్కలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వరుస, రెండు రకాలని చదివిన గుర్తుందా? మట్టీ విత్తనాలూ మిగిలిన చోట జరిగేది ద్వితీయం. ఉత్త రాయి మీద మొదలయ్యేది ప్రాథమికం. ప్రాథమికం గురించి భయపడేవాడికి ద్వితీయం మార్కుల కాగితం చూపిస్తోంది ఈ మెసేజ్.

ఆ గడ్డి, పొద, చెట్టు వరుస కూడా ఆ పాఠంలోదే. అమెరికాలో క్లెమెంట్స్ అనే ఆయన 1916లో దాన్ని గట్టిగా చెప్పాడు. అడవి ఒక ప్రాణి లాంటిదనీ, పుట్టి పెరిగి చరమ దశకు చేరుతుందనీ ఆయన వాదన. పదేళ్లకే, 1926లో, గ్లీసన్ అనే మరో వృక్షశాస్త్రవేత్త కాదన్నాడు. ఏ గింజ ఎక్కడ పడింది, ఏది నెగ్గింది అన్నదాన్ని బట్టే అంతా అన్నాడు. అలాస్కాలోని గ్లేసియర్ బేలో మంచు వెనక్కి తగ్గిన నేల మీద ఈ వరుసను చూపించే పాఠాలు చాలా వచ్చాయి. 1990ల్లో చెట్ల వలయాలు లెక్కబెట్టి చూస్తే అక్కడే వేర్వేరు చోట్ల వేర్వేరు దారులు తేలాయి. దేవదారు లాంటి స్ప్రూస్ చెట్ల గింజలు వచ్చే పాత అడవి ఎంత దూరంలో ఉందన్నది అందులో పెద్ద కారణం.

అంత దూరం ఎందుకు, సర్కారు తుమ్మను చూడండి. 1870ల చివర్లో జమైకా నుంచి తెచ్చిన విత్తనాల్ని కడప జిల్లా కమలాపురంలో వేశారు. ఇప్పుడు వదిలేసిన చెరువు శిఖం, బీడు, కాలువ గట్టు, ఎక్కడ చూసినా అదే. కాయలు మేకలు తింటాయి, గింజలు పేడలో పడతాయి, కొడితే మొదట్లోంచి పది కొమ్మలు లేస్తాయి. ఇలాంటి చోట వరుస పొద దగ్గరే ఆగిపోతుంది. అడవుల్లో లాంటానా అనే పొదదీ ఇదే కథ. దేశంలో లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని ఆక్రమించిందని అంచనా. దాని గుబురు కింద నీడకు పాత చెట్ల మొలకలు పైకి రావు. వదిలేసిన కొద్దీ అది బలుస్తుంది తప్ప పక్కకు తప్పుకోదు.

ప్రతి ఖాళీ నేలా అడవి కావాలనుకోవడం కూడా తప్పే. నంద్యాల జిల్లా రోళ్లపాడు బట్టమేక పిట్టకు పేరు తెచ్చుకున్నది గడ్డిభూమి కాబట్టే. అక్కడ చెట్లు పెంచితే దానికి ఇల్లు లేకుండా చేసినట్టే.

మొక్కలు నాటడం దండగ అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. మోళ్లు బతికున్న చోట గుంతలు తీసి, మొలిచేవాటిని జేసీబీతో తొక్కించి, నీలగిరి నాటడం చూశాను. అక్కడ మేకలు రాకుండా కంచె, వేసవిలో నిప్పు రాకుండా గడ్డి చెక్కేసిన ఒక గీత, అంతే చాలు. కానీ మట్టి లేని చోట ఊరికే వదిలేస్తే పదేళ్లలో అడవి రాదు. ఎక్కడ ఏం చెయ్యాలో ఆ నేలను చూసి చెప్పాలి, ఫార్వర్డ్ చూసి కాదు.

మా గుట్టకు రెండు ముఖాలున్నాయి. పడమటి వైపు చెట్లన్నీ నా చిన్నప్పుడే కట్టెల కోసం కొట్టేశారు, మోళ్లు మిగిలాయి. తర్వాత ఊళ్లోకి గ్యాస్ సిలిండర్లు వచ్చాయి, కొట్టడం తగ్గింది. ఇప్పుడు అటువైపు వెళ్తే బిల్లుడు, మోదుగ, పాల చెట్లు మనిషికి రెండింతల ఎత్తున ఉన్నాయి. ఒక్కో చెట్టు మొదలు దగ్గర వంగి చూస్తే పాత గొడ్డలి దెబ్బ పక్కనుంచే కొత్త కాండం లేచి ఉంటుంది. సీతాఫలం, రేగు పిట్టలూ నక్కలూ తెచ్చినవే. వేప మొలకలు ఎక్కువగా పాత కంచె రాళ్ల వెంట వరుసగా ఉంటాయి, పళ్లు తిన్న పిట్ట కూర్చునేది ఆ రాళ్ల మీదే కాబట్టి.

తూర్పు వైపు క్వారీ. నేను పదో తరగతిలో ఉండగా మూతపడింది, ఇరవై ఆరేళ్లయింది. మొన్న సంక్రాంతికి వెళ్లి చూశాను. నిలువు గోడ మీద వాన నీళ్లు జారిన నల్లటి చారలు, అడుగున పచ్చటి నీళ్ల గుంత, గోడ పగుల్లో మూరెడు ఎత్తున ఒక రావి మొక్క. అడుగున ఓ పక్క, రాతిపొడిలో, సర్కారు తుమ్మ. మా అన్నయ్యకు ఈ రెండు వైపుల ఫొటోలూ పంపి, కొత్త క్వారీ ఏ వైపు వస్తుందని అడిగాను. పడమటి వైపేనట.